ఎడమ కనుబొమ మీద గాటు

చూపు పోయాక ఆయనకు నిద్ర ఎక్కువైందని మా ఇంటికి వచ్చేవాళ్ళంతా మా ఆవిడతో గుసగుసగా అంటారు. కళ్ళతో పాటు చెవులు కూడా పోయాయనుకుంటారు కాబోలు, నా గది గుమ్మం దాటకుండానే మొదలుపెడతారు. "దిగులండీ, దిగులుకి అలాగే ఉంటుంది" అని ఒకరు, "మందుల ప్రభావం" అని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ దుప్పటి తీయను. దిగులు లేదని కాదు, బండెడు ఉంది. కానీ నేను పడుకునేది అందుకు కాదు. కలలో నాకు కళ్ళు కనిపిస్తాయి. ఇక్కడ లేనిది అక్కడ దొరుకుతుంటే ఎవడైనా అక్కడికే పోతాడు.

నేను రంగులు కలిపేవాణ్ణి. కార్లు బాగుచేసే షెడ్డులో పని. దేన్నో గుద్దుకుని వచ్చిన కారుకి కొత్త తలుపు వేస్తే ఆ తలుపుకి మిగతా బండి రంగు రావాలి. డబ్బా మీద ఉన్న రంగు కొడితే రాదు. ఎండకి ఎండి, వానకి తడిసి, పాత రంగు ఏళ్ళ తరబడి తన దారిన తాను మారిపోయి ఉంటుంది. తెలుపులో ఒక చుక్క పసుపు, ఒక చుక్క నలుపు వేయాలి, ఎండలోకి తీసుకెళ్ళి చూడాలి, మళ్ళీ ఇంకో చుక్క వేయాలి. షెడ్డులో అందరూ నన్ను చుక్క అనే పిలిచేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు తాగుబోతుననుకుని కొన్నాళ్ళు దూరం జరిగేవాళ్ళు. ఒకరోజు బూడిద రంగు కారుకి లేతాకుపచ్చ తలుపు వేసి పంపించాను. కారు యజమాని వేళాకోళమనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. కంటి నరం ఎండిపోతోందని, తిరిగి పచ్చబడేది కాదని ఆ వారమే డాక్టరు చెప్పాడు.

అలా మెల్లగా అంతా ఆరిపోయింది. కలలు మాత్రం ఆరలేదు. కళ్ళు మూసుకుంటే చాలు, షెడ్డు గోడ మీద ఎండ, డబ్బాల అంచున గడ్డకట్టిన ఎరుపు, వంటగదిలో కిటికీకి ఎదురుగా నిలబడి వెనక్కి తిరిగి చూసే మా ఆవిడ, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండేవి. నాకు కావలసింది ఆ చివరిది. మిగతావన్నీ ఆమె కోసం వేసిన తెరలు.

మా ఆవిడ చేసే పని వింటే కొత్తవాళ్ళకు నవ్వొస్తుంది. ఆమె సినిమా చెబుతుంది. పెద్ద బజారు చివరనున్న హాలువాళ్ళు ఆదివారం పొద్దుటి ఆట ఒకటి చూపులేని వాళ్ళ కోసం పెట్టారు. హాల్లో మామూలు జనం ఉంటారు, మాలాంటివాళ్ళమూ ఉంటాం. మా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. వెనకాల గాజు గదిలో మైకు ముందు కూర్చుని, పాత్రలు మాట్లాడని చోటల్లా తెర మీద ఏం కనిపిస్తోందో ఆమె మా చెవుల్లో చెబుతుంది. ఆ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కనిపించేదే చెప్పాలి. బాధపడింది అనకూడదు, తల దించుకుంది అనాలి. ఎందుకు దించుకుందో వినేవాళ్ళకే వదిలెయ్యాలి. పాత్ర మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదు. ఈ చివరి కట్టుబాటు ఇంట్లో కూడా పెట్టుకుంటే బాగుండునని నేను ఏడిపించేవాణ్ణి. నాకు చూపున్న రోజుల్లోనే ఆమె ఈ పనిలో చేరింది. అప్పట్లో అది ఎవరికోసమో చేసే మంచిపని. ఆ ఎవరిలోనో నేనూ చేరతానని ఇద్దరం అనుకోలేదు.

అక్కడికొచ్చేవాళ్ళు ఆమెకు కళ్ళజోడు అని పేరు పెట్టారు. కళ్ళజోడు వచ్చిందా, కళ్ళజోడుకి జలుబు చేసిందట, ఇలా మాట్లాడుకుంటారు. ఆ పేరంటే ఆమెకు లోపల్లోపల గర్వం. ఈగ వాలనివ్వదు తన మాట మీద. తెర మీద గొడుగు నల్లగా ఉందో ముదురు నీలమో తేలక ఒకసారి నన్ను హాలుకి లాక్కెళ్ళి చూపించి అడిగింది, నాకు రంగులు తెలిసిన కాలంలో.

చూపు పోయిన కొత్తలో నేనూ కొన్ని ఆదివారాలు వెళ్ళాను. ఆట అయ్యాక బయటి వసారాలో టీ తాగుతూ అందరూ కబుర్లాడుకుంటారు. వాళ్ళలో ఒకావిడ పెద్దాసుపత్రిలో ఫోన్లు అందుకునే పని చేస్తుంది, అందుకని అందరూ ఫోనమ్మ అంటారు. పుట్టుకతోనే చూపు లేదు. మాట మాత్రం సూదిలా ఉంటుంది. నా కలల సంగతి నేను గొప్పగా చెప్పుకుంటుంటే ఆవిడ టీ ఊదుకుంటూ అంది.

"మా సంఘంలో ఒక పెద్దాయనున్నాడండీ. ఆయనకీ మొదట్లో కలల్లో అన్నీ కనిపించేవట. కొన్నేళ్ళకి మనుషుల మొహాలు పోయాయట. ఇప్పుడు కలలో కూడా గొంతులే వినిపిస్తాయట. మీకూ అంతేనేమో."

రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అంది.

"పుట్టిన దగ్గర్నుంచీ ఏమీ చూడనిదానివి, నీకేం తెలుసు?" అన్నాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"నిజమే" అని నవ్వింది ఫోనమ్మ. "పోగొట్టుకోడానికి నా దగ్గరేం లేదు."

ఆ తర్వాత నేను హాలుకి వెళ్ళడం మానేశాను. అయినా ఆ మాట ఇంటికి వచ్చేసింది. ముందు షెడ్డు మేస్త్రి మొహం పోయింది. కలలో చేతులూపుతూ తిడుతున్నాడు, చొక్కా కాలరు ఉంది, కాలరు పైన ఏమీ లేదు. తర్వాత మా అమ్మ. ఆవిడ పోయి చాలాకాలమైంది, కలలో మాత్రం వస్తూ ఉండేది. ఒకరోజు వచ్చి పక్కన కూర్చుంది, తల తిప్పి చూస్తే జుట్టు ఒక్కటే ఉంది. నేను అరిచి లేచాను. ఇక మిగిలింది ఒక్క మా ఆవిడ మొహం. ఆ ఒక్కటీ పోకుండా కాపలా కాయడానికే నేను పగలూ రాత్రీ పడుకునేవాణ్ణి. పొద్దున టిఫిను అయ్యాక, మధ్యాహ్నం అన్నం అయ్యాక, సందు దొరికితే చాలు వెళ్ళి ఆమె ఉందో లేదో చూసుకుని వచ్చేవాణ్ణి. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. పక్క గదిలో నడుస్తున్న మనిషికి, నీ మొహం పోతుందేమోనని భయంగా ఉందని ఎలా చెప్పను?

మొహం తడిమి చూసుకోవచ్చుగా అనుకుంటారు. సినిమాల్లో గుడ్డివాళ్ళు అలా తడిమి గుర్తుపట్టేస్తారు. అది రాసినవాణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపండి. తడిమితే ముక్కు తెలుస్తుంది, గడ్డం తెలుస్తుంది. మొహం తెలియదు.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. ప్రేమకథే. లిఫ్టులు బాగుచేసే ఒకడికి రోజూ కలలో ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఇద్దరూ ప్రేమించుకుంటారు, ఆ కలలోనే కాపురం పెడతారు. ఒకరోజు మెలకువ వచ్చేసరికి వాడి దిండు మీద ఆమె దువ్వెన ఉంటుంది. ఇంకో రోజు ఆమె బస్‌స్టాపులో కనిపిస్తుంది, వీణ్ణి ఎరగనట్టు చూస్తుంది. అక్కడినుంచి ఏది కలో ఏది నిజమో తెలియదు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే పడకగది ఉంటుంది, పడకగది తలుపు తీస్తే వీధి ఉంటుంది. ఊరంతా దీని గురించే మాట్లాడుకునేవాళ్ళు. సగంలో లేచి వచ్చినవాళ్ళున్నారు, పదే పదే వెళ్ళి ఏడ్చి వస్తున్నవాళ్ళున్నారు. ఇలాంటి సినిమా చెప్పడమంటే మా ఆవిడకు తల ప్రాణం తోకకి వచ్చే పని. అందుకని హాలువాళ్ళు ముందుగా ఇచ్చిన కాపీ పెట్టుకుని ముందుగదిలో రోజూ మధ్యాహ్నం పైకి చదువుకుంటూ సాధన చేసేది. నేను లోపలి గదిలో పడుకుని ఉండేవాణ్ణి.

"ఆమె కిటికీ దగ్గర నిలబడింది. జుట్టు తడిగా ఉంది. మెడ దాకా కత్తిరించిన జుట్టు. వెనక్కి తిరిగింది. కోల మొహం. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ."

తలుపు సందులోంచి ఆ గొంతు అలా వస్తూనే ఉండేది. చెప్పిందే చెప్పి, ఒక మాట తీసేసి ఇంకో మాట పెట్టి, మళ్ళీ చెప్పేది. వింటూ వింటూ నిద్రలోకి జారేవాణ్ణి.

కలలో కిటికీ దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. జుట్టు తడిగా ఉంది. వెనక్కి తిరిగింది. కోల మొహం, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. ఎంత స్పష్టంగా ఉందంటే నాకు ఏడుపొచ్చింది. చాలా రోజుల తర్వాత మొహం పూర్తిగా కనిపించింది, ఎక్కడా చెదరలేదు. రోజూ అలాగే వచ్చేది. నేను ఆనందంగా లేచేవాణ్ణి, అన్నం సరిగ్గా తినేవాణ్ణి. మా ఆవిడ పొంగిపోయి, మీ ఒంట్లోకి జీవం వస్తోందండీ అంది. ఆ ఊపులోనే ఒకరోజు ఆమె కంచం తీస్తుంటే సరసంగా అన్నాను.

"నీ ఎడమ చెంప మీద ఆ పుట్టుమచ్చ ఉంది చూడు, దాన్ని చూసే నేను పడిపోయాను."

కంచం చప్పుడు ఆగిపోయింది.

"నాకు పుట్టుమచ్చ లేదండీ" అంది.

"ఉంది."

"లేదండీ. అది ఆ సినిమాలో పిల్లకి."

నేను జ్ఞాపకాల్లో వెనక్కి వెళ్ళి అసలు మొహం కోసం వెతుక్కున్నాను. పెళ్ళినాటిది, వంటగదిలోది, ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకున్నప్పటిది. ఎక్కడ చూసినా ఆ కోల మొహమే, ఆ మచ్చే. అది వచ్చి అన్ని చోట్లా అంటుకుపోయింది. అప్పుడు దాచకుండా చెప్పేశాను, కలల సంగతీ, కాపలా సంగతీ, మేస్త్రి కాలరు సంగతీ. ఆమె వింటూ కూర్చుంది. చివరికి ఒక్కటే అడిగింది.

"అయితే నేను ఎలా ఉంటానో మీకు గుర్తు లేదా?"

"లేదు" అన్నాను.

ఆమె లేచి కంచం కడగడానికి వెళ్ళింది. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

ఆ ఆదివారం ఆమే నన్ను పట్టుబట్టింది, ఈ ఒక్కసారికి ఆటకు రమ్మని. ఆమె అలా బతిమాలడం అరుదు, కాదనలేకపోయాను. మా బావమరిది కారు తెచ్చాడు. వాడు పరుపుల కొట్టులో పనిచేస్తాడు, అందుచేత నా నిద్ర గురించి సలహాలివ్వడం తన హక్కనుకుంటాడు. దారంతా దూది పరుపు గొప్పా స్పంజి పరుపు గొప్పా అని నా చెవులు తినేస్తూనే ఉన్నాడు. హాల్లో నా పక్క సీట్లో కూర్చున్నాడు. నా చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టి, తను మాత్రం మామూలుగా చూశాడు.

సినిమా మొదలైంది. మా ఆవిడ గొంతు నా చెవిలో, ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేంత దగ్గరగా ఉంది. ఇంట్లో విన్నదే చెబుతోంది, లిఫ్టు, తాళ్ళు, పానాలు. కల వచ్చింది. ఆమె కిటికీ దగ్గర నిలబడింది. వెనక్కి తిరిగింది. నేను పుట్టుమచ్చ కోసం ఎదురుచూశాను.

"వెడల్పు నుదురు" అంది. "చిన్న ముక్కు. కింది పెదవి కొంచెం లావు. ఎడమ కనుబొమ మీద గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు."

ఏదో తేడాగా ఉందనిపించింది. ఇంట్లో విన్నది నిద్రలో విన్నది కదా, నేనే తప్పుగా విన్నానేమో, కలలో కలిసిపోయిందేమో అనుకున్నాను. ఆ పిల్ల తెర మీదికి వచ్చిన ప్రతిసారీ అదే నుదురు, అదే గాటు. గొంతు మధ్యలో ఒకటి రెండు చోట్ల వణికింది. చెప్పేవాళ్ళ గొంతు వణకకూడదు, అది కూడా ఆమె కట్టుబాట్లలో ఒకటి. చివర్లో ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నారంది. అతను కళ్ళు తెరిచాడంది. ఆమె అతనివైపు తిరిగి పడుకుని ఉంది, వెడల్పు నుదురు, ఎడమ కనుబొమ మీద గాటు. తెర నల్లబడింది.

వసారాలో ఒకటే గోల. నాకు ఎప్పుడూ జనం మాటలు దిక్కుకొకటిగా వినిపిస్తాయి, ఆ రోజు తేనెటీగల తుట్టె కదిపినట్టుంది. ఎడంవైపు ఒక కుర్రవాడు రెండు గంటలు దండగ అంటున్నాడు. కొత్త జంట ఒకటి పోట్లాడుకుంటోంది, ఆవిడేమో అమ్మాయి నిజమే అంటుంది, మొగుడేమో ఏడిశావులే అంటాడు. ఒక పెద్దాయన ముక్కు చీదుకుంటూ, "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదురా, కానీ మీ నానమ్మ గుర్తొచ్చింది" అంటున్నాడు ఎవరితోనో. వాళ్ళందరి మధ్యా ఫోనమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. ఏడ్చిందని తెలిసింది.

"పాపం, ఆ పిల్ల లేనే లేదు కదండీ" అంది నాతో. "చివరిదాకా కలే. వాడు కళ్ళు తెరిచాడన్నమాటే గానీ ఇంకా కలలోనే ఉన్నాడు."

"అదేంటండీ, చివర్లో అమ్మాయి నిజమే కదా" అంది కొత్త జంటలో ఆవిడ, మా మాట విని. "పుట్టుమచ్చ చూడలేదా? కలలో ఎడమ చెంప మీద ఉంటుంది, నిజంలో కుడి చెంప మీద ఉంటుంది. కథంతా దాంట్లోనే పెట్టాడు. చివర మంచం మీద కుడివైపే ఉంది. ఆమె నిజంగానే వచ్చేసింది."

"ఏ పుట్టుమచ్చ?" అంది ఫోనమ్మ.

"అంత పెద్దది, మొహం నిండా అదే కనిపిస్తుంటే."

"మాకు మచ్చ అని ఎవరూ చెప్పలేదే. మాకు కనుబొమ మీద గాటు అన్నారు." ఫోనమ్మ తక్కినవాళ్ళని పిలిచి అడిగింది. అందరూ గాటే అన్నారు, ఎడమ కనుబొమ మీద.

"గాటేంటి? ఆ పిల్లకి ఏ గాటూ లేదు" అంటున్నాడు ఏడిశావులే అన్న మొగుడు.

అప్పుడు నా పక్కన మా బావమరిది, వాడికి నోట్లో మాట ఆగదు, నెమ్మదిగా అన్నాడు.

"గాటు మా అక్కకి కదా ఉంది బావా. చిన్నప్పుడు గేటు మీదెక్కి ఊగుతూ పడింది. నీకు తెలీదా?"

నాకు తెలుసు. తెలిసి ఉండాలి. ఆ గాటు మీద నేనెన్నిసార్లు ముద్దు పెట్టుకుని ఉంటానో. రెండు గంటలు నా చెవిలో ఆమె తన మొహమే చెప్పింది, నేను సినిమా పిల్ల అనుకుని విన్నాను. నా భార్యను నాకు ఎవరో కొత్త మనిషిని చూపించినట్టు చూపించింది, నేను గుర్తుపట్టలేదు. బావమరిది భుజం పట్టుకున్నాను.

ఆమె గాజు గదిలోంచి వచ్చేసరికి వసారా నిశ్శబ్దంగా ఉంది. ఫోనమ్మే మాట్లాడింది. ఆ రోజు ఆవిడ మాటలో సూది లేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"అక్కా, నేను ఇంతసేపూ ఎందుకు ఏడ్చానో చెప్పు. ఆ పిల్ల వచ్చేసిందని వీళ్ళు సంతోషించిన సినిమాకి నేను ఏడ్చాను. మేము నీ మాట నమ్ముకుని వస్తాం. ఇన్నేళ్ళు చెప్పినవన్నీ ఎలాంటివో ఇప్పుడు మాకెలా తెలుస్తుంది?"

"ఈ ఒక్కటే" అంది మా ఆవిడ. "తప్పు నాదే."

ఎందుకు చేసిందో చెప్పలేదు. చెబితే వాళ్ళు క్షమించి ఉండేవాళ్ళు, ఫోనమ్మయితే తప్పకుండా క్షమించేది. నన్ను పదిమందిలో పెట్టడం ఇష్టం లేక నోరు మూసుకుంది. హాలు మేనేజరు వచ్చి, కొన్నాళ్ళు వేరేవాళ్ళ చేత చెప్పిద్దామమ్మా అన్నాడు మర్యాదగా. సరేనంది. అంత ఇష్టమైన పని అలా ఒక్క మాటలో పోయింది.

కారులో బావమరిది పరుపుల మాట ఎత్తలేదు. నేనే అడిగాను.

"ఇంట్లో నా ఒక్కడికీ చెప్పుకోవచ్చుగా. అందరి చెవుల్లో ఎందుకు పోశావు?"

"ఇంట్లో చెబితే పాఠంలా ఉంటుంది" అంది. "ఆ పిల్ల మీ కలలోకి ఎలా వచ్చింది? నడుస్తూ, నవ్వుతూ, తలుపులు తీస్తూ ఉంటే వచ్చింది. నేను కూడా అలాగే వస్తాననుకున్నాను." గొంతు తగ్గించి, "వస్తానంటారా?" అంది.

ఆశ అనేది అంత మెల్లగా అడుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. వస్తావన్నాను.

భోజనం అయ్యాక ఆమే నా పక్క సర్ది, దుప్పటి కప్పింది. ఎన్నడూ లేంది, పడుకోండి పడుకోండి అని తనే తొందరపెట్టింది. నేను ఆమె చెప్పిన నాలుగు మాటలూ లోపల పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దేవుడనేవాడు ఉంటే ఈ ఒక్కసారికి దయ చూడమన్నాను. వంటగది, కిటికీ, కిటికీకి అడ్డంగా ఆమె వీపు, అంతదాకా బాగానే వచ్చింది. కిటికీలోంచి వస్తున్న వెలుతురు నిమ్మపండు రంగులో ఉంది. ఆ రంగు కలపాలంటే ఏమేం వెయ్యాలో కూడా నాకు తెలుస్తోంది. ఆమె వెనక్కి తిరగబోయింది.

"వెడల్పు నుదురు" అంది ఆమె గొంతు.

వెలుతురు పోయింది. ఎవరో స్విచ్చి తీసేసినట్టు కిటికీ, వంటగది, వీపు, అన్నీ ఒకేసారి పోయాయి. "చిన్న ముక్కు" అంది. నేను చేతులు చాపాను, ఏమీ తగల్లేదు. "కింది పెదవి కొంచెం లావు." చెప్పకు, చూపించు అని అరిచాను. నా కలలో నేను గుడ్డివాణ్ణి కావడం అదే మొదలు. ఆమె ఆగలేదు. మెలకువలో ఎంత ఓపికగా చెబుతుందో అంత ఓపికగానూ చెబుతోంది, ఎడమ కనుబొమ మీద గాటు, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. మొదటికి వచ్చి మళ్ళీ చెబుతోంది. ఆ చీకట్లో నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ సినిమా పిల్ల వచ్చినా బాగుండుననిపించింది. ఆ పిల్ల కూడా రాలేదు.

లేచాక కొంతసేపు మెలకువ వచ్చిందని తెలియలేదు. రెండు చోట్లా ఒకటే చీకటి, ఒకటే గొంతు. మంచం కోడు తగిలాక తెలిసింది. సాయంత్రమైనట్టుంది, వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. కుర్చీ కిర్రుమంటే తెలిసింది, నేను పడుకున్నప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

"కనిపించానా?" అంది.

ఈ మనిషి నా కోసం తనకున్న ఒక్క పేరూ పోగొట్టుకుని వచ్చి కూర్చుంది. నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"కనిపించావు" అన్నాను.

ఆమె చేతులు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాయి. "నిజంగా? ఎలా ఉన్నాను?"

"బావున్నావు."

"అలా కాదు, చెప్పండి. ఎలా ఉన్నాను?"

"వెడల్పు నుదురు" అన్నాను. "చిన్న ముక్కు. కింది పెదవి కొంచెం లావు. ఎడమ కనుబొమ మీద..."

నా చెయ్యి మీద ఆమె పట్టు వదులైంది. వదిలేసిందని కాదు, చేతులు అక్కడే ఉన్నాయి, వాటిలో బలం లేదు. నేను ఆగిపోయాను.

"వరస కూడా మార్చలేదండీ మీరు" అంది.

ఆమె ఏడుస్తోందో లేదో కూడా నాకు తెలియలేదు. ఏడిస్తే చప్పుడు చేసే మనిషి కాదు. నాకు భయమేసింది. ఇక్కడా లేదు, అక్కడా లేదు, ఇక ఈమెను ఎక్కడికి వెళ్ళి చూడాలి? చివరికి ఆ భయానికి తట్టుకోలేక అడిగాను.

"ఇప్పుడు నీ మొహం ఎలా ఉందో చెప్పు."

ఆమె ఏమీ చెప్పలేదు.